చేతిలో బంతి ఉన్నంతసేపు

ఆయన పేరు రాయను. అడిగినా చెప్పను. ఒకసారి రాసి చేసిన నిర్వాకం చాలు. మా టీములో అందరూ ఆయన్ని "పదకొండు" అనేవారు, చొక్కా వెనకాల నంబరును బట్టి. ఇక్కడా పదకొండనే అంటాను.

పోయాడట. మొన్న పొద్దున మా ఆయన ఫోన్లోంచి తలెత్తి చెప్పాడు. అప్పుడు మేమిద్దరం హాల్లో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉన్నాం. సౌదీ వాళ్ళు కుటుంబాలకి తలకింతని లెవీ పెట్టిన దగ్గర్నుంచీ ఇక్కడ అల్ ఖోబర్‌లో మా బిల్డింగు సగం ఖాళీ అయిపోయింది. ఇప్పుడు మా వంతు. మా ఆయన కంపెనీ మనుషుల్ని తగ్గించింది, ఆయనా పిల్లలూ ఫైనల్ ఎగ్జిట్ మీద ఇండియాకి వెళ్ళిపోతున్నారు. నేను ఆస్పత్రి హాస్టల్లోకి మారిపోతున్నాను.

"ఏమండోయ్ సిస్టరుగారూ, మన పదకొండు పోయాడంట. గుండెపోటంట," అన్నాడు. మా ఆయనకి నన్ను సిస్టరుగారూ అని పిలవడం సరదా. ఆ పూట సరదాగా అనలేదు, అలవాటు కొద్దీ వచ్చేసింది.

నా చేతిలో టేపు చుట్ట ఉంది. నిజం చెప్పాలంటే ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకి తెలిసిందా, తెలియకుండానే పోయాడా అని. నాలుగైదేళ్ళుగా నన్ను కొరుక్కు తింటున్న ప్రశ్న అదొక్కటే.

"వాళ్ళమ్మాయి నీతో మాట్లాడాలంటోంది. సాయంత్రం చేస్తుందంట," అన్నాడు మా ఆయన.

"నాతోనా? నాతో ఏం మాట్లాడుతుంది?"

"నాకేం తెలుసు? 'అత్త నంబరియ్యి మామా' అంది. ఇచ్చాను."

ఇక ఆ రోజంతా ఏ పెట్టెలో ఏం సర్దానో నాకే తెలియదు. గిన్నెల పెట్టెలో పిల్లల బూట్లు పెట్టానని మర్నాడు తెలిసింది.

మనిషి ఎలా ఉండేవాడో చెప్తాను. పొట్టి. మెడ తక్కువ. నలభై దాటలేదు గానీ మోకాళ్ళు మాత్రం అరవై ఏళ్ళ వాడివి, ఎందుకంటే టైల్స్ మేస్త్రీ. ఇరవై ఏళ్ళు మోకాళ్ళ మీద నడిచిన మనిషి. గోళ్ళ సందుల్లో తెల్ల సిమెంటు ఎప్పుడూ ఉండేది. ఎక్కడికి వెళ్ళినా ముందు వంగి నేలని వేలి కణుపులతో టకటకా కొట్టి చూసేవాడు. మొదటిసారి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు వంటింటి గడప దగ్గరే ఆగిపోయి నేల కొట్టి చూశాడు.

"అక్కా, ఈ బండ కింద బోలుగా ఉండాది. యాపొద్దో ఒకపొద్దు లేస్తాది, సూస్కో."

"ముందు నువ్వు లేచి చేతులు కడుక్కో, కూర చల్లారిపోతోంది," అన్నాను.

అనంతపురం జిల్లా వాడు. నన్ను అక్కా అనేవాడు, కాబట్టి మా ఆయన బావ అయ్యాడు. మాది గోదావరి పక్క. రొయ్యల కూర వండితే వాసనకే ముఖం తిప్పుకుని, "మీరు పురుగులు యెట్ల తింటారక్కా" అని పెరుగన్నం తినేవాడు. నేను ఊరుకునే రకం కాదు కదా, "మీ సంగటి తింటే గోడకి సున్నం వేసినట్టు గొంతుకి పూసుకుంటుంది" అనేదాన్ని. నవ్వేవాడు. నవ్వుతున్నా కళ్ళు మాత్రం తలుపు వైపే ఉండేవి.

ఇంతకీ ఆట సంగతి. క్రికెట్ కాదండీ, బేస్‌బాల్. మా ఆయన కంపెనీ ఒక విదేశీయుల కాంపౌండులో మెయింటెనెన్సు చేసేది. ఎత్తైన గోడ, లోపల చెట్లూ, ఈత కొలనూ, ఒక బేస్‌బాల్ మైదానం. శుక్రవారం శుక్రవారం అక్కడ లీగు జరిగేది. లీగంటే పెద్దదేం కాదు, ఆరు టీములు. తెల్లవాళ్ళవి రెండు, కొరియా వాళ్ళదొకటి, ఫిలిప్పీన్స్ వాళ్ళవి రెండు, ఆ మిగిలిన ఒకటి మావాళ్ళది. మా ఫిలిప్పీనో ఫోర్‌మన్‌కి ఆటంటే ప్రాణం. వాడు మా ఆయన పొట్ట చూసి, "ఈయన వెనక కూర్చుంటే బంతి దాటిపోదు" అని క్యాచర్ని చేశాడు. నేను డ్యూటీ లేని శుక్రవారాలు బెంచీ దగ్గర మడత బల్ల వేసుకుని స్కోరు రాసేదాన్ని. నర్సుని కదా, గళ్ళ కాగితం ఇస్తే నింపకుండా ఉండలేను.

పదకొండుకి ఈ ఆట ఎలా వచ్చిందంటే, చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నాడు. "మా పీటీ సారు యాడనుంచో ఒగ గ్లౌ తెచ్చినాడక్కా, ఇరవై మందికి ఒగటే. బంతి ఎవురు ఇసిరితే వానికే గ్లౌ. అందుకే నేను ఇసరనేర్చుకున్నా." రాష్ట్రం పోటీల దాకా వెళ్ళాడట. తర్వాత చదువు మానేశాడు, తాపీ పట్టాడు, ఇక్కడికి వచ్చాడు. కాంపౌండు క్లబ్బులో బండలు పరవడానికి వచ్చి మావాళ్ళు ఆడుతుంటే ఒకసారి బంతి తీసుకుని విసిరాడు. ఫోర్‌మన్ వచ్చి ఆ చేతిని పట్టుకుని చూశాడట, పెళ్ళివారు పిల్ల చెయ్యి చూసినట్టు.

ఈ ఆటలో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. చేతికి నొప్పి పుడుతుంది కాబట్టి సగం ఆటలో ఒకణ్ణి దించి ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. మా లీగులో దిగినవాడు మళ్ళీ ఎక్కకూడదు. మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా ఒక్కడే వేస్తే పుస్తకంలో వాడి పేరు పక్కన సీ, జీ అని రెండక్షరాలు రాయాలి. కంప్లీట్ గేమ్ అని. మిగతా టీముల్లో సీజను మొత్తానికి ఒకటో రెండో వచ్చేవి. మావాడు వేసిన ప్రతి ఆటకీ నేను ఆ రెండక్షరాలు రాశాను. భుజం వాచిన రోజు రాశాను, జ్వరం ఉన్న రోజూ రాశాను. ఫోర్‌మన్ దగ్గరికి వచ్చి బంతి కోసం చెయ్యి చాపితే ఇచ్చేవాడు కాదు, బంతిని వీపు వెనక్కి దాచేసుకునేవాడు.

అందరూ పౌరుషం అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను, చాలా కాలం.

అయితే నా కంటికి ఒకటి కనిపించింది. మనవాళ్ళు బ్యాటింగు చేస్తున్నప్పుడు పిచర్ బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగాలి. ఈయన కూర్చునేవాడు కాదు. బెంచీ వెనక్కి వెళ్ళి గోడకేసి బంతి కొట్టుకుంటూ ఉండేవాడు. కూర్చోరా నాయనా అంటే, "కూసుంటే బాగుండదక్కా" అనేవాడు. ఒక శుక్రవారం ముఖం పాలిపోయి ఉంటే పిలిచి మణికట్టు పట్టుకున్నాను. నాడి నూట ముప్పై కొడుతోంది. విసిరి అలిసిపోయి కాదు, అప్పటికి పావుగంట నుంచి ఊరికే నుంచున్నాడు. తర్వాత తన వంతు వచ్చి, పిచర్ నిలబడే మట్టి దిబ్బ ఎక్కాడు, మూడు బంతులకే ఒకణ్ణి అవుట్ చేశాడు. ఏదో సాకు పెట్టి ఆట మధ్యలో పిలిచి మళ్ళీ చూశాను. ఎనభై. ప్రభువా, ఇదెక్కడి విడ్డూరం అనుకున్నాను. విసిరేటప్పుడు తక్కువా, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువా?

ఆ సాయంత్రం అడిగేశాను. నా నోరు ఊరుకోదు.

బంతిని రెండు చేతుల మధ్య తిప్పుతూ చెప్పాడు. వచ్చిన కొత్తలో దక్షిణాన ఒక ఊళ్ళో పని చేసేవాడట. ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కార్డు గదిలో మరిచిపోయి టీ తాగడానికి సందు చివరికి వెళ్ళాడు. పోలీసులు పట్టుకున్నారు. తర్హీల్‌లో వేశారు, అంటే దేశం నుంచి పంపించేసే ముందు ఉంచే జైలు. ఖమీస్ ముషైత్‌లో ఉన్న కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మనిషిని పంపించి విడిపించేసరికి నలభై రోజులు.

"పండుకునేకి జాగా లేదక్కా. వరసగా కూసునేదే. పొద్దున్నే ఒకాయన కాయితం తెచ్చి పేర్లు పిలుస్తాడు. పిలిస్తే యాడికి తీస్కపోతారో తెలీదు. పిలవకుంటే ఎన్నాళ్ళు ఉండాలో తెలీదు. నలభై రోజులు నా పేరు కోసరం ఇంటా కూసున్నా. ఇప్పుడు యాడన్నా కూసుంటే మళ్ళ పిలుస్తారనే ఉంటాది. ఎవురన్నా పేరు పెట్టి పిలిస్తే పైప్రాణాలు పైనే పోతాయి."

"మరి దిబ్బ మీద?"

"ఆడ భయం లేదక్కా. చేతిలో బంతి ఉన్నోన్ని ఎవుడూ ఇఖామా అడగడు."

ఫ్లాస్కులో టీ ఉంటే పోసి ఇచ్చాను. నుంచునే తాగాడు.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. ఆయన కాగితాలు ఖమీస్‌లోని ఒక చిన్న టైల్స్ దుకాణం పేరు మీద ఉండేవి. మనిషి మాత్రం ఇక్కడ ఖోబర్‌లో పని చేసుకునేవాడు. ఆజాద్ వీసా అంటారు మనవాళ్ళు. కఫీల్‌కి తెలిసే జరిగేది, సగం మంది అలాగే బతికేవారు, ఎవరూ అడిగేవారు కాదు. మా మైదానంలోకి కూడా దొంగతనంగానే వచ్చేవాడు. పదకొండో నంబరు చొక్కా అసలు ఒక ఫిలిప్పీనోది. వాడు ఎగ్జిట్ కొట్టి వెళ్ళిపోయాడు గానీ గేటు లిస్టులో పేరు కొట్టెయ్యలేదు. కంపెనీ బస్సు రాగానే గార్డు తలలు లెక్కపెట్టి వదిలేసేవాడు. నా స్కోరు పుస్తకంలోనూ ఆ ఫిలిప్పీనో పేరే ఉండేది. అన్ని ఆటలూ వేసింది ఒకరు, రాసింది ఇంకొకరి పేరున.

అప్పుడొచ్చింది నితాఖత్. సౌదీలకి సరిపడా ఉద్యోగాలివ్వని దుకాణాలన్నీ ఎరుపు అన్నారు. ఎరుపులో ఉన్నవాళ్ళ ఇఖామా రెన్యువల్ కాదు. ఎవరి కఫీల్ దగ్గర వాళ్ళే పని చెయ్యాలి, బయట దొరికితే తర్హీలే. రోడ్ల మీద చెకింగులు. మా బిల్డింగులో వంటమనిషిగా చేసే కడప ఆవిడ ఒకతి నెల రోజులు మెట్లు దిగలేదు, బుట్టకి తాడు కట్టి కూరగాయలు పైకి లాక్కునేది. మా వార్డులో ప్రసవానికి వచ్చిన అమ్మాయి భర్త లోపలికి రావడానికి భయపడి ఎదురు రోడ్డులో నుంచుని బిడ్డని ఫోన్లో చూసుకున్నాడు. ఖమీస్ దుకాణం ఎరుపులో పడింది. పదకొండు బండలు పరిచే పనికి తెల్లవారకముందే వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. సిమెంటు బస్తాల వెనక పడుకున్న రోజులున్నాయి.

తర్వాత ప్రభుత్వం మొహ్లత్ ఇచ్చింది, అంటే గడువు. ఆ లోపల ఎవరైనా పచ్చగా ఉన్న కంపెనీకి మారిపోవచ్చు. మా ఆయన కంపెనీ పచ్చలో ఉంది. ఫోర్‌మన్ వెళ్ళి మేనేజరు కాళ్ళా వేళ్ళా పడ్డాడు, ఈ మేస్త్రీ కావాలి అని. పైకి మేస్త్రీ అన్నాడు, లోపల పిచర్ కోసమే. ఒప్పుకున్నారు. నఖల్ కాగితాలు, అంటే యజమాని మార్పు కాగితాలు, ఆఫీసులో పెట్టారు. ఇక ఒక్కటే ప్రమాదం. అది పూర్తయ్యేలోపు ఖమీస్ వాళ్ళకి తెలిస్తే, మనిషి పారిపోయాడని హురూబ్ రిపోర్టు పెట్టేస్తారు. పెట్టారా, నఖల్ ఆగిపోతుంది, వేలిముద్రలు తీసి పంపేస్తారు, మళ్ళీ ఈ దేశం ముఖం చూడనివ్వరు.

"బావా, ఎవురికీ చెప్పొద్దు. ఖోబర్‌లో ఉండానని వాళ్ళకి తెలీనే కూడదు," అని మా ఆయన చెయ్యి పట్టుకుని అడిగాడు. నా ముందే అడిగాడు. ఆ మాట నేను విన్నాను. విననట్టు ఎలా ప్రవర్తించానో నాకిప్పటికీ అర్థం కాదు.

సీజను అయిపోయింది. చివరి శుక్రవారం మధ్యాహ్నం బహుమతులు. లీగు కమిటీ పెద్దాయన, ముసలి తెల్లాయన, ఎర్రటి ముక్కు, మంచి మనిషే. నా బల్ల దగ్గరికి వచ్చి, "మీ పుస్తకంలో ఈ పేరుగలవాడు వెళ్ళిపోయి చాలా కాలమైందని నాకు తెలుసు. కంప్లీట్ గేముల్లో లీగు మొత్తానికి మొదటివాడు మీ పదకొండు. అతనెవరో వివరాలు రాసివ్వు," అని ఒక ఫారం ఇచ్చాడు. పేరు, దేశం, స్పాన్సరు, ఇఖామాలో ఉన్నట్టు రాయాలి.

రాసేశాను. అందులో ఆలోచన లేదు. ఆరేళ్ళుగా రోజుకి ముప్పైసార్లు చేసే పని. రోగి చేతికి పట్టీ కట్టాలంటే పేరు కార్డులో ఎలా ఉంటే అలాగే రాయాలి, ఒక్క అక్షరం తేడా వస్తే మందు మారిపోతుంది అని నేర్పించారు మాకు. పైగా నాకు రోషం కూడా. అన్ని ఆటలు వేసిన మనిషికి వచ్చే బహుమతి ఎగ్జిట్ కొట్టి వెళ్ళిపోయినవాడి పేరు మీద వెళ్ళాలా? నఖల్ రెండు రోజుల్లో అయిపోతుందన్నాడు మా ఆయన, అయిపోయిందనే నా మనసు రాసేసుకుంది. పూర్తి పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు, ఖమీస్ దుకాణం పేరు, గుండ్రంగా, ముద్దుగా రాసి ఇచ్చాను. నా చేతులు విరిగిపోను.

మైకులో పిలిచారు. ఆ ముసలాయన ఆ తెలుగు పేరుని కూడబలుక్కుని, మొత్తం, ఇంటి పేరుతో సహా పిలిచాడు. జనం చప్పట్లు. మావాడు బెంచీ వెనక గోడ దగ్గర నుంచుని ఉన్నాడు. చేతిలో బంతి లేదు, ఆట అయిపోయింది కదా. కాలు కదపలేదు. మళ్ళీ పిలిచారు. మా ఆయన వీపు మీద చెయ్యి వేసి తోశాడు. ఆయన నడిచి వెళ్ళిన తీరు నాకు గుర్తుకి వస్తూనే ఉంటుంది. రెండు చేతులూ ముందుకి కట్టేసినట్టు పెట్టుకుని నడిచాడు. ఫోటో తీశారు. ముసలాయన భుజం తట్టాడు. అప్పుడు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చివర్లో కొంచెం నవ్వాడు. ఫోటోలో ఆ నవ్వు పడింది.

మర్నాటికి లీగు వాళ్ళు ఒక కాగితం వేశారు. ఫోటో, కింద పేరు, దేశం, స్పాన్సరు. నోటీసు బోర్డు మీద పెట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. ఎవడో ఫోన్లో ఫోటో తీసి పంచాడు, మనవాళ్ళ గ్రూపులన్నీ తిరిగింది. మనవాడు గెలిచాడు అని దండాలు, చప్పట్ల బొమ్మలు. నేనూ నలుగురికి పంపాను, ఇంకేం చెప్పను.

ఆ మర్నాడే ఆయనకి ఫోన్ వచ్చింది. మా ఇంట్లోనే ఉన్నాడు అప్పుడు. ఖమీస్ దుకాణం గుమస్తా. అవతలి గొంతు మాకూ వినపడుతోంది, చాలా సంతోషంగా ఉంది ఆ గొంతు. "మబ్రూక్, యా బతల్! మబ్రూక్!" అంది. శుభాకాంక్షలు ఛాంపియన్ అని. అంతే. ఇంకేం అనలేదు, పెట్టేశాడు.

పదకొండు ఫోన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. "తెలిసిపాయ," అన్నాడు.

మా ఆయన ధైర్యం చెప్పబోయాడు. "ఊరికే చేసుంటాడ్రా బావమరిదీ. మంచికే అన్నాడేమో."

"మంచికి ఎవురు ఫోన్ చేస్తారు బావా?"

నేను వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి నుంచున్నాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆ రోజు నుంచీ డ్యూటీలో ఖాళీ దొరికితే చాలు, కంప్యూటర్లో ఆయన ఇఖామా నంబరు కొట్టి చూసేదాన్ని. ఆదివారం మామూలుగానే ఉంది. సోమవారమూ ఉంది. మంగళవారం పొద్దున పేరు ఎదురుగా అరబ్బీలో వేరే మాట కనిపించింది. పక్కన ఉన్న సౌదీ పిల్లని చదవమన్నాను. "పనికి గైర్హాజరు అని ఉంది. మీవాడెవరైనానా సిస్టర్?" అంది. లేదన్నాను. ఆ లేదన్నది కూడా నేనే.

హురూబ్ పడింది, నఖల్ ఆగిపోయింది. మేనేజరు చేతులెత్తేశాడు. ఇక మిగిలిందొకటే, గడువు ముగిసేలోపు రియాద్ వెళ్ళి ఎంబసీలో అవుట్‌పాస్ అనే ప్రయాణ కాగితం తీసుకుని, వేలిముద్రలు ఇచ్చి వెళ్ళిపోవడం. కనీసం గదిలో కూర్చోబెట్టి పేర్లు పిలిచే దాకా రాకుండా వెళ్ళిపోవచ్చు.

ఆ శుక్రవారం సీజను అయ్యాక ఆడే సరదా ఆట ఒకటి ఉంది. వస్తాడనుకోలేదు, వచ్చాడు. అదే చొక్కా. దిబ్బ ఎక్కేముందు వంగి కణుపులతో దిబ్బ మీది రబ్బరు పలకని టకటకా కొట్టాడు. నాలుగు ఇన్నింగ్స్ వేశాడు, ఎప్పటిలాగే. అయిదో దాంట్లో ఇద్దరు అవుటయ్యాక గేటు దగ్గర రియాద్ వెళ్ళే టాక్సీ హారన్ కొట్టింది. ఆయన అటు చూశాడు. క్యాచర్ దగ్గరికి నడిచి వెళ్ళి మా ఆయన చేతిలో బంతి పెట్టాడు.

"నువ్వు ఎయ్యి బావా."

మైదానం మొత్తం లేచి నుంచుంది. ఆయన బంతి ఇంకొకరికివ్వడం ఎవరూ చూడలేదు కదా. మా ఆయన ముసుగు లోపల ఏడ్చేశాడట, రాత్రికి చెప్పాడు. పదకొండు తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చి, బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నాడండీ! చెయ్యి చాపాడు.

"నాడి సూడక్కా."

చూశాను. డెబ్బై రెండు. గడియారం చూసుకుంటూ నిమిషం మొత్తం పట్టుకున్నాను, ఆ నిమిషంలో చెప్పేద్దామనుకున్నాను. తమ్ముడూ, రాసింది నేనే, అని నోటి దాకా వచ్చింది. రాలేదు. భయం. ఆయన కళ్ళలోకి చూడాలంటే భయం.

"బాగుంది," అన్నాను.

"పోయేది ఖాయమైనాక భయం పాయనక్కా." నా వేళ్ళ వైపు చూశాడు. "ఈసారి నీ చెయ్యే వణుకుతాంది."

అని లేచి, చొక్కా విప్పి మడత పెట్టి నా బల్ల మీద పెట్టి, బనీనుతో గేటు వైపు నడిచాడు. నేను స్కోరు పుస్తకంలో ఆ రెండక్షరాలు రాసే గడి ఖాళీగా వదిలేశాను. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆ తర్వాత ఊళ్ళో బండలు పరిచేవాడనీ, బళ్ళో ఆడపిల్లలకి బంతి విసరడం నేర్పుతున్నాడనీ విన్నాం. మా ఆయనతో పండగలకి మాట్లాడేవాడు. "అక్కకివ్వు" అనేవాడు, నేను డ్యూటీలో ఉన్నానని చెప్పించేదాన్ని. పక్క గదిలోనే ఉండి. వంటింట్లో ఆ బండ మొన్న వేసవిలో లేచింది. దాని మీద పీట వేసి కప్పేశాను, ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది. మూడు రింగులు పోనిచ్చాను. మా ఆయన చూస్తున్నాడు. ఎత్తాను.

"అత్తా, నేను." వాళ్ళ నాన్న గొంతే, సన్నగా. ఏడ్చి ఏడ్చి ఉంది. పరామర్శ మాటలేవో అన్నాను. ఏం అన్నానో గుర్తు లేదు.

"అత్తా, ఒగటి అడగాల. నీ దగ్గర ఆ కాయితం ఉండాదా? నాయిన ఫోటో ఉండేది, ఆట గెలిచిన కాయితం?"

"ఏ కాయితం?"

"అదే అత్తా, మైకులో పిలిచినారంట కదా, ఆ కాయితం. నాయిన ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోనుండె. వానలకి చెద పట్టి సగం తినేసింది. దినాలకి అదే పెట్టాలంటాది అమ్మ. ఇంగ ఏ ఫోటో వద్దంటాది."

"అదెందుకమ్మా, వేరే..."

"నాయిన చెప్పేటోడు అత్తా. ఊర్లో ఎవురన్నా పేరు పెట్టి పిలిస్తే అదిరిపడేటోడు, చివరి దాకా. కానీ ఆ కాయితం కాడికి మాత్రం మమ్మల్ని పిలుచుకోనిపోయి సూపించేటోడు. 'ఆడ పన్నెండేండ్లు ఉంటిని. నా పేరు మంచికి పిలిచింది ఒగేసారి. అది మా అక్క రాయబట్టే,' అనేటోడు."

నేను గోడకి చేరబడ్డాను. మా ఆయన లేచి వచ్చాడు.

"అత్తా? ఉండావా?"

"ఉన్నానమ్మా."

అంటే తెలుసు. ఆ శుక్రవారం నా వేళ్ళ వైపు చూసినప్పుడే తెలుసు. కమిటీ ముసలాయనే చెప్పి ఉంటాడు, లేదా నా చేతిరాత చూసి ఉంటాడు. తెలిసే చెయ్యి చాపాడు. తెలిసే "అక్కకివ్వు" అన్నాడు, ప్రతి పండక్కీ. నేను పక్క గదిలో కూర్చుని పీల్చిన ఊపిరి కూడా ఆయనకి వినపడే ఉంటుంది.

కాగితం నా దగ్గర ఉంది. స్కోరు పుస్తకం అట్టలో మడిచి పెట్టాను, ఆ పుస్తకాన్ని ఏ పెట్టెలోనూ సర్దలేదు. తీసి బల్ల మీద పరిచి ఫోన్లో ఫోటో తీశాను. చూస్తే నా బొటనవేలు అడ్డంగా ఆయన పేరు మీద ఉంది. కావాలని పెట్టలేదు. వేలు తీసేసి, కాగితానికి నాలుగు మూలలా నాలుగు గ్లాసులు బరువు పెట్టి, మళ్ళీ తీశాను. పేరు మొత్తం పడింది, ఇంటి పేరుతో సహా. పంపించాను.

ఇక్కడ మాత్రం రాయను. ఆయన నన్ను క్షమించాడు, నిజమే. నాకింకా భయం పోలేదు.